ప్రూయిట్ పుష్పం

డెల్లా టాకెట్ ఆరేళ్ళుగా చేస్తున్న పని ఉంగరాలు తీసెయ్యడం. ఆ మాట ఎవరితో అన్నా దొంగని చూసినట్టు చూస్తారు. కెంటకీలో ఉన్న మేనత్త అయితే "ఎవరి వేళ్ళకున్నవే?" అని ఫోనులోనే అడిగేసింది. అప్పటినుంచి డెల్లా ఎవరడిగినా "కంప్యూటర్ పని" అని చెప్పి తప్పుకుంటోంది.

నిజానికి అవి వేళ్ళకి పెట్టుకునేవి కావు. టెనెసీ తూర్పు కొండల్లో, అడవి టర్కీలు రోడ్డుకి అడ్డంగా నిలబడి కార్లని ఆపేసే చోట, ఒక పెద్ద ప్రయోగశాల ఉంది. అక్కడ న్యూట్రాన్లతో ఫొటోలు తీస్తారు. న్యూట్రానుది తిక్క వ్యవహారం. అంగుళం మందం ఇనుముని గాజుపలకలా దాటిపోతుంది గానీ, చిటికెడు కొవ్వొత్తి మైనం అడ్డొస్తే ఆగిపోతుంది. బంగారమన్నా అంతే, దాటలేదు. ఆగిపోయిన చోటల్లా ఫొటోలో నల్లగా పడుతుంది. లోహపు ముక్కని తిరిగే పీట మీద పెట్టి, పిసరు పిసరు తిప్పుతూ వెయ్యికి పైగా ఫొటోలు తీసి కంప్యూటరుకి అందిస్తే, ఆ ముక్క లోపల ఎలా ఉందో ఉల్లిపాయని చక్రాలుగా తరిగినట్టు తరిగి చూపిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, కెమెరాలో ఎక్కడైనా ఒక్క చుక్క పాడైతే చాలు, ముక్క తిరుగుతుంది గనక ఆ చుక్క కాస్తా గుండ్రంగా సాగి, ఆ ఎత్తున కోసిన చక్రంలో లేని గీత ఒకటి పుడుతుంది. ఆ వృత్తిలో వాటిని ఉంగరాలంటారు. అనడమే కాదు, పళ్ళు కొరుకుతూ అంటారు. వాటిని ఆనవాలు లేకుండా తుడిచేసే ప్రోగ్రాము రాయడమే డెల్లా డాక్టరేటు.

తుడవడంలో డెల్లాకి సాటి లేదు. ఆమె బొమ్మలు ఉతికి ఆరేసిన దుప్పట్లలా ఉంటాయి. ఉతికిన నీళ్ళలో ఏం కొట్టుకుపోయిందో మాత్రం ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. ఆమె ఒక్కతే కాదు, ఆ వృత్తిలో సగం మంది చూడరు. చెత్త ఎత్తి పారేశాక బుట్టలో చెయ్యి పెట్టి కెలికే ఓపిక ఎవరికుంటుంది?

పద్నాలుగు నెలల కిందట ఆమె ఒక రాకెట్ ముక్కని ఫొటోలు తీయించింది. మంట బయటికి చిమ్మే చోట ఉండే గరాటు అది, అరచేతిలో పట్టేంత. నికెల్, కోబాల్టు కలిసిన పొడిని లేజరుతో కరిగించి పొర మీద పొర పోసి చేశారు. లోపల పగుళ్ళున్నాయేమో చూడాలని తెచ్చారు. డెల్లా ఉంగరాలన్నీ తుడిచి చూస్తే పగుళ్ళు లేవు గానీ, గరాటు సన్నబడే చోట, లోపలి గోడకి అంటుకుని, శనగగింజంత పువ్వొకటి కనిపించింది. నల్లగా, ముద్దుగా, నాలుగు రేకులతో ఉంది.

అది చూసి ఆమె గైడు రాండల్ ప్రూయిట్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన మంచివాడు. అయితే మంచివాళ్ళకి కూడా తమ పేరు మీద ఏదో ఒకటి మిగలాలని ఉంటుంది. అరవై రెండేళ్ళొచ్చినా ఆయన పేరు మీద ఉన్నది యూనివర్సిటీ పార్కింగులో ఒక చోటు మాత్రమే. ఇక ఊరుకుంటాడా? నాలుగు రేకులే ఎందుకొచ్చాయంటే, ఆ లోహం స్ఫటికం ఘనాకారం కాబట్టి నాలుగు వైపులా సమంగా పెరిగిందన్నాడు. అంత నల్లగా ఎందుకుందంటే, కోబాల్టు అక్కడికి చేరి పేరుకుందన్నాడు. ఒక రేకు అంచున చిన్న నొక్కు ఉంటే, చల్లబడేటప్పుడు పుట్టిన ఒత్తిడి అని దాని మీద విడిగా రెండు పేజీలు రాశాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే వాళ్ళని మనం చూశాం, ఈయన పువ్వుకి నాలుగే రేకులు. ఆ పేపరు అచ్చయింది, మొదటి పేరు డెల్లాది, రెండోది ఆయనది. ప్రూయిట్ పుష్పం అని ఆయన తనంతట తాను పేరు పెట్టుకోలేదు. నలుగురూ పెట్టేదాకా నాలుగు సభలు తిరిగాడంతే.

ముక్కని కోసి చూస్తే సరిపోయేది కదా అంటారేమో. కుదరదు. న్యూట్రాన్లు తిన్న కోబాల్టు ఏళ్ళ తరబడి రేడియేషన్ చిమ్ముతుంది. అందుకని ఆ గరాటుని, ఫొటోలకి ముందు పెట్టిన అల్యూమినియం డబ్బాతో సహా, మూత తియ్యకుండానే సీసపు బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ డబ్బాలో దాన్ని సర్ది మూత బిగించినవాడు హాలిస్ ఓగల్. ముప్ఫై ఒక్కేళ్ళుగా న్యూట్రాను గది తలుపు తీసేదీ మూసేదీ ఆయనే. తెల్లకోటు డాక్టర్లు ఎందరొచ్చినా ముందు ఆయన్ని అడిగే లోపలికి వెళ్ళాలి. డెల్లాకి ఆయనంటే ప్రాణం. కానీ ఏడాది పైగా ఆ మనిషి మనిషిలా లేడు. పెళ్ళి ఉంగరం పోయింది. భార్య వాండా, డాక్టరు చెప్పాడని, ఆయన చేత పొద్దున్న తినే గ్రేవీ బిస్కెట్లు, అంటే మాంసం గ్రేవీ పోసిన బన్నురొట్టెలు, మాన్పించింది. ఇరవై పౌండ్లు తగ్గాడు, వేలూ తగ్గింది. నారిస్ చెరువులో చేపలు పడుతుంటే జారి ఉంటుందని ఆయన అనుకున్నాడు, అనుకున్నదే ఆవిడతో చెప్పాడు. చెప్పిన వారంలోపే ఆవిడ ఆయన పడవ అమ్మించింది. అమ్మడమంటే పరాయివాళ్ళకి కూడా కాదు, తన తమ్ముడికి. ప్రతి శనివారం ఆ బావమరిది పడవని కారు వెనక తగిలించుకుని వీళ్ళింటి ముందునుంచే వెళ్తాడు, చెయ్యి కూడా ఊపుతాడు. వేలు ఖాళీగా కనిపిస్తే ఊరుకోనని వాండా అంటే, హాలిస్ పంపుల్లో వేసే నల్ల రబ్బరు చుట్టు ఒకటి తొడుక్కుని తిరుగుతున్నాడు.

ఇదంతా అలా ఉండగా డెల్లా వైవా దగ్గరపడింది, శుక్రవారం పదింటికి. ఐదుగురు పరీక్షకులు, అందులో ఒకావిడ, డాక్టర్ బీట్రిస్ హార్గ్రోవ్, బయటి యూనివర్సిటీ నుంచి వస్తోంది. ఆవిడ ఏడిపించని విద్యార్థి లేడని ప్రతీతి. గ్రాంటు వేసవితో సరి. ఇప్పుడు డాక్టరేటు రాకపోతే, వచ్చే ఏడాది డెల్లాకి ఆ బిల్డింగులో కుర్చీ కూడా ఉండదు. ఆరేళ్ళూ ఆ కొండల్లో వదిలేసి వెళ్ళాల్సిందే.

సోమవారం మధ్యాహ్నం యూనివర్సిటీలో మూడో అంతస్తులో రిహార్సల్ పెట్టుకున్నారు. ప్రూయిట్ ముందు వరసలో కూర్చున్నాడు. హాలిస్ సెలవు పెట్టుకుని వచ్చాడు, వెంట వాండా కూడా వచ్చింది. మాట్లాడే పిల్ల కడుపు ఖాళీగా ఉండకూడదని ఆవిడ నమ్మకం. ఒక పళ్ళెం నిండా ఆవపిండి కలిపి నింపిన గుడ్లు, గిన్నె నిండా అరటిపండు పుడ్డింగు తెచ్చి వెనక బల్ల మీద పరిచింది. న్యూట్రాన్ల మాట వింటే ఆవిడకి ఎప్పుడూ నిద్రొస్తుంది. ఆ రోజూ ముప్ఫై మూడో బొమ్మ దాకా కళ్ళు మూతలు పడుతూనే ఉన్నాయి.

ముప్ఫై నాలుగో బొమ్మ గోడంతా పరుచుకుంది.

"దీన్నే ఇప్పుడు ప్రూయిట్ పుష్పం అంటున్నారు," అంది డెల్లా.

వెనక స్పూను కిందపడిన చప్పుడైంది.

"అది నాది," అంది వాండా.

ప్రూయిట్ మర్యాదగా వెనక్కి తిరిగాడు. "ఏదమ్మా, స్పూనా?"

"పువ్వండీ."

ప్రూయిట్ నవ్వాడు. విషయం తెలియనివాళ్ళకి ఓపిగ్గా చెప్పడమంటే ఆయనకి ఇష్టం. "లేదమ్మా, ఇది ఎవరూ చేసింది కాదు. లోహం లోపల దానంతటదే పుట్టింది. నాలుగు రేకులున్నాయి చూశారా? ఎందుకంటే స్ఫటికం నాలుగు వైపులా..."

"డాగ్‌వుడ్ పువ్వుకి నాలుగే ఉంటాయండీ. ఐదేస్తే వేరే పువ్వవుతుంది."

"సరే, ఈ పక్క రేకు చూడండి. నొక్కుంది కదా. చల్లబడేటప్పుడు ఒత్తిడి పుట్టి..."

"ఒత్తిడీ లేదు, గిత్తిడీ లేదు. గాట్లిన్‌బర్గ్ కంసాలి చెయ్యి జారి పడ్డ నొక్కు. మళ్ళీ చేయించుకొస్తానంటే ఈయనే వద్దన్నాడు. ఉండనీ, నాదని గుర్తుంటుందన్నాడు. కావాలంటే అడగండి."

అందరూ హాలిస్ వైపు చూశారు. ఆయన నోట్లో గుడ్డుంది.

"అన్నాను," అన్నాడు దాన్ని ఒక దవడకి తోసి.

వాండా లేచి గోడ దగ్గరికి నడిచింది. ఎడమ చెయ్యి పిడికిలి బిగించి బొమ్మ పక్కన పెట్టింది. ఆవిడ వేలికి సన్నటి బంగారపు ఉంగరం, దాని మీద శనగగింజంత పువ్వు, నాలుగు రేకులు. నొక్కు ఒక్కటే తక్కువ. "నేనే గీసిచ్చి జత చేయించానండీ, ముప్ఫై నాలుగేళ్ళయింది. ఈయనది చెరువులో ఉందన్నాడు. మీ గోడ మీదికి ఎలా వచ్చింది?"

ప్రూయిట్ ఒకసారి గోడని, ఒకసారి ఆవిడ వేలిని చూశాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ డబ్బా సర్దింది నేనే," అన్నాడు హాలిస్ నెమ్మదిగా. "మూత పెట్టే ముందు గుడ్డ గ్లౌజులు లాగేశాను, దాని మీదికే వంగి... ఓరి నాయనో." చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఆయన ఊరే కాదు, చెరువు అడుగు కూడా మనిషిని దింపి వెతికించాడు. ఆయన తలెత్తాడు. "అయితే వాండా, నా పడవ?"

"నోర్ముయ్," అంది వాండా. కానీ ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

వాళ్ళు వెళ్ళగానే డెల్లా తన గదికి పరిగెత్తింది. తుడిచేసింది ఏమిటో చూడ్డం పెద్ద పనేం కాదు. తుడవక ముందున్న బొమ్మలోంచి తుడిచిన బొమ్మని తీసేస్తే, మిగిలేది పోయినదే. ప్రోగ్రాములో ఒక్క లైను. ఆ ఒక్క లైను ఆరేళ్ళలో ఆమె రాయలేదు. ఇప్పుడు రాసింది. తెర మీద పాడైన చుక్కల గీతలు వెంట్రుకల్లా సన్నగా కనిపించాయి, వాటి మధ్య మందంగా, తీరుగా, మచ్చలేని ఉంగరం ఒకటి నిలబడింది. గరాటు సన్నబడే చోట ఇరుక్కుంది గనక, పీట తిరిగే ఇరుసుకి అచ్చంగా నట్టనడుమ కూర్చుంది. ప్రోగ్రాము పాపం దాన్నీ దొంగ ఉంగరాల్లో కలిపి తుడిచేసింది. గుండ్రంగా లేని పువ్వు ఒక్కటీ దాని చేతికి చిక్కలేదు. లోపలి కొలత తీస్తే ఇరవై మిల్లీమీటర్ల మీద రెండు పిసర్లు వచ్చింది. వాండాకి ఫోను చేసి ఉంగరం సైజు అడిగింది.

"పదిన్నర తల్లీ. ఎందుకు?"

పదిన్నరంటే సరిగ్గా అంతే. డెల్లా ఫోను పెట్టేసి, మొట్టమొదటి ఫొటోలు తెరిచింది. అక్కడ కూడా గరాటు నడుమ నల్లటి పట్టీ స్పష్టంగా ఉంది. ఆమెకి గుర్తొచ్చింది. పద్నాలుగు నెలల కిందట హాలిస్‌నే అడిగింది, ఇదేమిటని. ఆయన కళ్ళజోడు పైకి తోసి చూసి, "అది డబ్బా మెడకి బిగించిన పట్టీ అమ్మాయ్, దాన్ని పట్టించుకోకు," అన్నాడు. ఆమె పట్టించుకోలేదు. డెల్లాకి నవ్వొచ్చింది, నవ్వుతుండగానే ఏడుపొచ్చింది.

మంగళవారం పొద్దున్నే ప్రూయిట్ గదికెళ్ళి ఉంగరం బొమ్మ బల్ల మీద పెట్టింది. ఆయన చాలాసేపు చూశాడు. కిటికీ పక్క చట్రం కట్టిన పువ్వు ఫొటో ఉంది. ఆయన దానివైపు చూడలేదు.

"ఎవరెవరికి తెలుసు?"

"మన నలుగురికే సార్."

"మంచిది. శుక్రవారం గడవనీ. తర్వాత నేనే అన్నీ సర్దుతాను. పేపరు వెనక్కి తీసుకుందాం, డబ్బా తెరిపిద్దాం, అన్నీ చేద్దాం. శుక్రవారం తర్వాత."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా ఏముంది? అడగనిది చెప్పం. చెప్పకపోవడం అబద్ధం కాదు డెల్లా."

"ఐదో అధ్యాయం అంతా ఆ పువ్వే సార్. నేను నిలబడి అది లోహంలో పుట్టిందని చెప్పాలి కదా."

"నీ ప్రోగ్రాము గురించి చెప్పు. పువ్వుని వేగంగా దాటెయ్." ఆయన గొంతు తగ్గించాడు. "అమ్మా, ఇది నా పరువు కోసం చెప్తున్నాననుకుంటున్నావు. సగం అదే, కాదనను. మిగతా సగం నీ కోసం. ఐదో అధ్యాయం పీకేస్తే మిగిలేది నాలుగు అధ్యాయాలు, పైగా నీ ప్రోగ్రాము నిజం ఉంగరాన్ని మింగేసిందన్న మాట. హార్గ్రోవ్ నిన్ను వదుల్తుందా? వచ్చే ఏడాది నిన్ను నిలబెట్టడానికి నా చేతిలో ఏమీ లేదు."

ఆయన అన్నది నిజమే. అదే డెల్లాని బాధపెట్టింది. ఆయన అబద్ధమాడి ఉంటే తిట్టుకోవడానికైనా ఉండేది.

బుధవారం హాలిస్ దంపతులు ఆమెని టిఫినుకి పిలిచారు, హైవే పక్క హోటలుకి. ఉంగరం దొరికిన సంబరంలో వాండా ఆంక్షలు సడలించింది. హాలిస్ ముందు గ్రేవీ బిస్కెట్లు పొగలు కక్కుతున్నాయి, ఆయన వాటిని చూస్తూ పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

"ప్రూయిట్ గారు నాకు ఫోను చేశారు," అంది వాండా. "శుక్రవారం దాకా ఆగమన్నారు. ఆగుతానన్నాను. పద్నాలుగు నెలలాగాను, మూడు రోజులు లెక్కా?"

"అసలు అది తీసినా ఇప్పుడే పెట్టుకోడానికి లేదు," అన్నాడు హాలిస్. "బంగారంలో రేడియేషన్ ఎప్పుడో చల్లారిపోయుంటుంది. కానీ అందులో కాస్త వెండి కలిపాడుగా ఆ కంసాలి మహానుభావుడు, అది ఇంకో ఏడాదైనా సీసపు బీరువాలో కూర్చోవాలి. నా ఉంగరం నాకిచ్చే ముందు నేనే పదిహేను కాయితాల మీద సంతకాలు పెట్టాలి."

"అందాకా ఆ రబ్బరే ఉంచుకో. నీ మొహానికి అదే బావుంది." వాండా డెల్లా వైపు తిరిగింది. "నువ్వు మా గురించి ఆలోచించకు తల్లీ. నీ చదువు ముందు చూసుకో. ఆ పువ్వు నాదని నాకు తెలుసు, ఈయనకి తెలుసు. లోకానికి తెలియకపోతే నాకేం నష్టం?"

"అంతే అమ్మాయ్," అన్నాడు హాలిస్ నోటి నిండా. "నీ డాక్టరేటు కంటే నా వేలు గొప్పదా?"

అందరూ మంచివాళ్ళే, అందరూ నోరు మూసుకోమనేవాళ్ళే. ఒక్కరు తిట్టినా, ఒక్కరు బెదిరించినా డెల్లాకి పని సులువయ్యేది. ఆమె కాఫీ చల్లారిపోయింది. ఇంటికి వెళ్ళి ముప్ఫై నాలుగో బొమ్మ తీసేసింది, మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసేసింది. గురువారం అలాగే గడిచింది.

శుక్రవారం పదింటికి గది నిండింది. హాలిస్ పాత కోటు, ఎర్ర టై వేసుకొచ్చాడు. వాండా మూడో వరసలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. ఆ రోజు ఆవిడకి నిద్ర రాలేదు. డాక్టర్ హార్గ్రోవ్ పొట్టిగా, తెల్లజుట్టుతో, చూడ్డానికి చర్చిలో ఆర్గాన్ వాయించే బామ్మలా ఉంది. థీసిస్ నిండా పసుపు కాయితాలు గుచ్చి తెచ్చింది.

మొదటి నాలుగు అధ్యాయాల మీద ఆవిడ డెల్లాని వేపుకు తింది. ఈ అంకె ఎక్కడిది, ఆ గీత ఎందుకు వంగింది, ఈ వాక్యానికి క్రియ ఏది. డెల్లా చెమటలు కక్కుతూ అన్నింటికీ జవాబిచ్చింది. ముప్ఫై నాలుగో బొమ్మ వచ్చింది. చివరికి దాన్ని తీసెయ్యలేదామె. వేగంగా దాటేద్దామని బటను మీద వేలు పెట్టింది.

"ఆగు," అంది డాక్టర్ హార్గ్రోవ్.

ప్రూయిట్ కళ్ళు మూసుకున్నాడు.

"ఇదిగో, ఇది," అందావిడ, గొంతు పూర్తిగా మారిపోయింది. "మిగతా అధ్యాయాల మీద నిన్ను విసిగించాను గానీ, ఈ పువ్వు కోసమే వచ్చానమ్మాయ్ నేను. దీని ఫొటో నా ఆఫీసులో అంటించుకున్నాను. నలభై ఏళ్ళుగా లోహాలు చూస్తున్నాను, ఇంత చక్కటి వస్తువు చూడలేదు. దీన్ని మా లోహశాస్త్ర సొసైటీ బహుమతికి పంపాలని నా ఉద్దేశం." ఆవిడ గది వైపు తిరిగి రెండు చేతులూ చాచింది. "మనిషి చెయ్యి పడితే ఇంత అందం వస్తుందా? ప్రకృతికి తప్ప ఎవరికి సాధ్యం?"

మూడో వరసలో వాండాకి దగ్గొచ్చింది. ఆవిడ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది, బుగ్గలు మాత్రం ఎర్రగా పొంగాయి. పొగడ్త విని పైకి ఒప్పుకోలేని మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. డెల్లా ఆ మొహం చూసింది. ఆరేళ్ళూ కళ్ళ ముందు తిరిగాయి. కెంటకీ వెళ్ళి మేనత్తకి ఏం చెప్పాలో కూడా ఆలోచించింది.

"ప్రకృతి కాదండీ," అంది. "వాండా ఓగల్ గారు."

"ఎవరు?"

"మూడో వరసలో ఉన్నారు. ఆవిడ గీసి చేయించారు. అది పెళ్ళి ఉంగరం మీది పువ్వండీ. ఉంగరాన్ని నా ప్రోగ్రాము తుడిచేసింది."

గదిలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. డెల్లా సోమవారం తీసిన బొమ్మ తెరిచి గోడ మీద వేసింది. నిండు ఉంగరం, సైజు పదిన్నర. తర్వాత అంతా చెప్పేసింది. గ్లౌజులు, గరాటు, పట్టీ అనుకోవడం, ఆరేళ్ళుగా రాయని ఒక్క లైను, ఏదీ దాచలేదు. ప్రూయిట్ గారు నోరు మూసుకోమన్న సంగతి మాత్రం చెప్పలేదు.

డాక్టర్ హార్గ్రోవ్ ఉంగరాన్ని చూసింది, పువ్వుని చూసింది, వాండాని చూసింది. "అందరూ బయటికెళ్ళండి," అంది.

వరండాలో డెల్లా గోడకి జారగిలపడి నేల మీదే కూర్చుంది. హాలిస్ ఆమె పక్కన కూర్చోడానికి ప్రయత్నించి, మోకాళ్ళు ఒప్పుకోక, నిలబడే ఉండిపోయాడు. వాండా డెల్లా తల మీద చెయ్యి వేసింది. ఆ డిపార్టుమెంటులో ఫలితం కాయితం మీద ఇవ్వరు. గైడు బయటికొచ్చి మామూలుగా పేరు పెట్టి పిలిస్తే పోయినట్టు, పేరు ముందు డాక్టర్ అంటే వచ్చినట్టు. ఇరవై నిమిషాలు గడిచాయి, నలభై అయ్యాయి. లోపలినుంచి హార్గ్రోవ్ గొంతు రెండుసార్లు గట్టిగా వినిపించింది, మాటలు తెలియలేదు.

తలుపు తెరుచుకుంది. ప్రూయిట్ వచ్చాడు, టై వదులైంది. ఆయన డెల్లా వైపు చూడలేదు, తిన్నగా వాండా దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, ఆ నొక్కు నిజంగా కంసాలిదేనా?"

"అతనిదేనండీ."

"దాని మీద రెండు పేజీలు రాశాను నేను."

"తెలుసండీ. మొన్న ఈయన చేత తెప్పించుకుని చదివాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ మా ఉంగరం గురించి అంతసేపు ఆలోచించినవాళ్ళు భూమ్మీద ఇంకెవరూ లేరండీ."

ప్రూయిట్ నవ్వబోయాడు, రాలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, నేల మీద ఉన్న పిల్ల వైపు తిరిగాడు.

"డాక్టర్ టాకెట్," అన్నాడు.

డెల్లా మోకాళ్ళలో మొహం దాచుకుని భోరున ఏడ్చేసింది. హాలిస్ అరిచిన అరుపుకి పక్క గదుల్లోంచి ఇద్దరు ముగ్గురు బయటికొచ్చారు.

"ఐదో అధ్యాయం మళ్ళీ రాయాలి," అన్నాడు ప్రూయిట్. "పువ్వు మీద కాదు, తుడిచేసినదాని మీద. పాస్ చెయ్యడానికి కారణం ఆ ఉంగరం బొమ్మేనని హార్గ్రోవ్ రాసిచ్చింది." ఆయన టై ఇంకాస్త వదులు చేసుకున్నాడు. "ఇంతసేపూ లోపల జరిగింది నీ పరీక్ష కాదమ్మా. నీది రెండు నిమిషాల్లో అయిపోయింది. తీసేసింది ఏమిటో చూపించమని ఆరేళ్ళలో ఈ పిల్లని ఒక్కసారైనా అడిగారా అని నన్నడిగారు. మంగళవారం నీకేం చెప్పానో కూడా నేనే చెప్పేశాను. నన్నయితే పాస్ చెయ్యలేదు."

ఆయన కోటు జేబులోంచి మడిచిన కాయితం తీశాడు. పేపరు వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకి రాసిన ఉత్తరం, లోపలే కూర్చుని చేత్తో రాసినట్టుంది, అక్షరాలు వంకరగా ఉన్నాయి. పువ్వు లోహంలో పుట్టింది కాదని, పొరపాటు తమదేనని అందులో నాలుగు వాక్యాలు. కింద రెండు సంతకాలకి చోటు వదిలాడు.

"మొదటి పేరు నీది. ముందు నువ్వే పెట్టాలి."

డెల్లా లేచి నిలబడి, కన్నీళ్ళు ముంజేత్తో తుడుచుకుని, కాయితాన్ని గోడకి ఆనించింది. ఆమె పేరుతో అచ్చయిన పేపరు ఆ పువ్వుదొక్కటే. పేరు రాయబోయి ఆగింది, ముందు డాక్టర్ అని రాసింది, జీవితంలో మొదటిసారి. రాసి, చివరి దాకా చదువుకుని, సంతకం చేసి, కలం ఆయనకిచ్చింది. ఆయన దాని కింద తన పేరు రాశాడు.